మనల్నీ బ్రిటిష్‌వాళ్ళే పాలించారు, మనం తేరుకున్నాం కదా. ఆస్ట్రేలియా మూలవాసులు ఎందుకు తేరుకోలేదు?

అడిగినవారు మెల్‌బోర్న్‌కి చదువుకోవడానికి వచ్చి ఆరు నెలలైందట. యూనివర్సిటీలో ఏ కార్యక్రమం మొదలైనా ముందు "ఈ నేల అసలు హక్కుదారులకు, వారి పెద్దలకు గౌరవం తెలుపుతున్నాం" అని చదువుతారు, అదేమిటని ఒక ప్రశ్న. రూమ్మేట్లని అడిగితే తాగుడు, జైలు, ప్రభుత్వం ఊరికే ఇచ్చే డబ్బు అన్న మాటలే చెబుతున్నారు. మనమూ ఆ తెల్లవాళ్ళ కిందే ఉండి బయటపడ్డాం, వీళ్ళకేమైంది అని రెండోది. తన వంతు వస్తే తనూ ఆ మాటలు చదవాలా అని మూడోది.

నేను నర్సుని. మాది ఒంగోలు దగ్గర పల్లె. ఆస్ట్రేలియా నడిబొడ్డున ఎర్రమట్టి ఎడారిలో ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్‌లో పద్నాలుగేళ్ళు డయాలసిస్ వార్డులో పనిచేశాను. నా కుర్చీల్లో కూర్చున్నవాళ్ళలో నూటికి తొంభై మంది మూలవాసులే. చరిత్ర డిగ్రీ నాకు లేదు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగైదు గంటలు, ఒకే మనిషి పక్కన మిషన్ చూసుకుంటూ ఏళ్ళ తరబడి కూర్చుంటే ఆ మనిషి కథ, వాళ్ళ అమ్మ కథ, వాళ్ళ తాత కథ తెలుస్తాయి. మీరు నా కొడుకు వయసే ఉంటారు, మీ ప్రశ్న కూడా నేను వచ్చిన కొత్తలో అడిగినదే. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

సూటిగా జవాబు: మన దగ్గరికి వాళ్ళు పాలించడానికి వచ్చారు. ఇక్కడికి ఉండిపోవడానికి వచ్చారు. మన దగ్గర వాళ్ళకి రైతు కావాలి, శిస్తు కట్టడానికి. ఇక్కడ పొలం కావాలి, దాని మీదున్న మనిషి అడ్డం. అందుకే మనకి 1947 అని ఒక తేదీ ఉంది, వాళ్ళు ఓడెక్కి వెళ్ళిపోయారు. ఇక్కడ అలాంటి తేదీ లేదు, రాదు కూడా. "తేరుకోవడం" అంటే దెబ్బ కొట్టడం ఆగాక జరిగే పని. ఇక్కడ ఆగిందని ఏ రోజుని చూపించి చెప్తాం?

మన మీద జాలి ఉండి వదిలేశారని నేననడం లేదు. 1876-78 కరువులో కర్నూలు, బళ్ళారి, నెల్లూరు వైపు జనం లక్షల్లో పోతుంటే ధాన్యం ఓడలెక్కుతూనే ఉంది. కానీ ఆ కరువు తర్వాత కూడా మా ఊరు మా ఊరుగానే ఉంది. తెలుగు తెలుగుగానే ఉంది. ముప్ఫై కోట్ల జనంలో తెల్లవాళ్ళు మూడు లక్షలు కూడా లేరు. ఇక్కడ 2021 జనాభా లెక్కల్లో తాము మూలవాసులమని రాయించుకున్నవాళ్ళు 8,12,728 మంది, అంటే నూటికి మూడుంపావు కూడా లేరు. మిగతా తొంభై ఆరుమందీ తర్వాత వచ్చినవాళ్ళు, వాళ్ళ పిల్లలు. మీరూ నేనూ ఆ లెక్కలోనే ఉన్నాం.

మీరు మెల్‌బోర్న్‌లో ఉన్నారు కాబట్టి అక్కడి కథే చెప్తాను. సిడ్నీలో 1788 జనవరి 26న 11 ఓడలు దిగిన సంగతి ఎక్కడైనా దొరుకుతుంది.

1835లో జాన్ బ్యాట్‌మన్ అనే ఆయన టాస్మానియా నుంచి గొర్రెల మేత కోసం భూమి వెతుక్కుంటూ అక్కడికొచ్చాడు. అక్కడి మూలవాసులైన కూలిన్ జాతుల పెద్దల్ని కూర్చోబెట్టి దుప్పట్లు, గొడ్డళ్ళు, కత్తులు, అద్దాలు, పిండి ఇచ్చి దాదాపు ఆరు లక్షల ఎకరాలకు కాగితం రాయించుకున్నాడు. ఆ పెద్దలు అమ్మకం అనుకుని ఒప్పుకున్నారా అంటే, చాలామంది చరిత్రకారులు కాదనే అంటారు. వాళ్ళలో టాండెరమ్ అనే ఆచారం ఉంది. బయటివాళ్ళు తమ నేల మీదికి వస్తే ఆకులూ నీళ్ళూ ఇచ్చి కొన్నాళ్ళు ఉండటానికి, వాడుకోవడానికి అనుమతివ్వడం. వాళ్ళ దృష్టిలో బ్యాట్‌మన్‌కి జరిగింది బహుశా ఆ మర్యాదే.

అసలు విచిత్రం తర్వాత జరిగింది. సిడ్నీలో కూర్చున్న గవర్నర్ బర్క్ అదే ఏడాది ఆగస్టులో ఆ కాగితం చెల్లదని ప్రకటించాడు. మోసం జరిగిందని కాదు. ఆ భూమి అప్పటికే బ్రిటిష్ రాజుదట, మూలవాసులకి అమ్మే హక్కే లేదట. ప్రభుత్వ అనుమతి లేకుండా అక్కడున్న ప్రతివాడూ ఆక్రమణదారేనట. అంటే వేల ఏళ్ళుగా ఉన్నవాళ్ళు ఒక్క ప్రకటనతో సొంత నేల మీద పోరంబోకు అయిపోయారు. మాకు సంబంధించిన ఒక పొలం తగాదాలో మా నాన్న అడంగల్ కాగితాలు పట్టుకుని పదేళ్ళు తిరిగాడు. ఆ కాగితంలో కనీసం మా పేరు తప్పుగానైనా ఉండేది. వీళ్ళకి పుస్తకమే లేదు.

కోర్టు ఆ అబద్ధాన్ని ఒప్పుకోవడానికి 1992 జూన్ 3 దాకా పట్టింది. ఎడ్డీ మాబో అనే టోరెస్ జలసంధి ద్వీపవాసి, తోటివారితో కలిసి పదేళ్ళు నడిపిన కేసది. తీర్పు వచ్చేనాటికి ఆయన లేడు, అంతకు నెలల ముందే జనవరిలో పోయాడు. 1993లో మూలవాసుల భూమి హక్కు మీద చట్టం వచ్చింది. అయితే ఇక్కడో మెలిక ఉంది. ప్రభుత్వం పూర్తి యాజమాన్య హక్కుతో ఎవరికైనా అమ్మేసిన భూమి మీద మూలవాసుల హక్కు అప్పటికే చచ్చిపోయినట్టే లెక్క. కాబట్టి మెల్‌బోర్న్ శివార్లలో టార్నీట్‌లోనో పాయింట్ కుక్‌లోనో ఇల్లు కొన్న మనవాళ్ళు "రేపు మా ఇల్లు అడుగుతారేమో" అని కంగారుపడనక్కర్లేదు. ఈ ప్రశ్న నన్ను కనీసం ఇరవైమంది అడిగారు. ఎంత ముందు, ఎంత గట్టిగా తెల్లవాళ్ళు స్థిరపడ్డారో అక్కడ అంత గట్టిగా హక్కు పోయింది. మిగిలింది ఎక్కువగా ఎవరికీ పనికిరాదనుకున్న ఎడారుల్లో, అడవుల్లోనే.

మెల్‌బోర్న్ దగ్గరే ఇంకో కథ ఉంది. "వాళ్ళకి కష్టపడటం రాదు" అనేవాళ్ళకి నేను ఇదే చెప్తాను. 1863లో కూలిన్ జాతుల్లో మిగిలినవాళ్ళు హీల్స్‌విల్ దగ్గర కొరాండర్క్ అనే చోట ఊరు కట్టుకున్నారు. అడవి కొట్టి, ఇళ్ళు వేసి, బీరుకి వాడే హాప్స్ పండించారు. 1881లో మెల్‌బోర్న్ అంతర్జాతీయ ప్రదర్శనలో వాళ్ళ హాప్స్‌కి మొదటి బహుమతి వచ్చింది. పంట బాగుందంటే నేల బాగుందని చుట్టుపక్కల తెల్ల రైతులకి అర్థమైంది. ఆ భూమి మీద కన్నుపడింది. వీళ్ళని ఖాళీ చేయించాలన్న ఒత్తిడి పెరిగింది. విలియమ్ బరాక్ అనే పెద్దాయన తన మనుషుల్ని వెంటబెట్టుకుని అరవై కిలోమీటర్లు నడిచి మెల్‌బోర్న్ వెళ్ళి మంత్రులకి మొరపెట్టుకునేవాడు.

వాళ్ళని నేరుగా తరమలేక 1886లో ఒక చట్టం చేశారు. తెల్లరక్తం కలిసినవాళ్ళలో ముప్ఫై అయిదేళ్ళ లోపువాళ్ళు మూలవాసులు కారు. ఆ ఊళ్ళో ఉండకూడదు. ఒక్క దెబ్బతో పనిచేసే వయసువాళ్ళంతా బయటికి పోయారు. ముసలివాళ్ళు మిగిలారు. "చూశారా, వీళ్ళకి సేద్యం చేతకావట్లేదు" అన్నారు. 1924లో మూసేశారు. తర్వాత ఆ భూమిలో చాలాభాగం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకి పంచారు.

మన పల్లెల్లో దాయాదుల పంపకాలు చూసినవాళ్ళకి ఇందులో కిటుకు తేలిగ్గా పట్టుబడుతుంది. వారసులు తగ్గితే వాటా అడిగేవాళ్ళు తగ్గుతారు. మొదట తుపాకీతో, మశూచితో తగ్గారు. తర్వాత లెక్కతో తగ్గించారు. 1901లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలోనే దేశ జనాభాని లెక్కించేటప్పుడు మూలవాసుల్ని కలపకూడదని ఒక సెక్షన్ ఉండేది. 1967 రిఫరెండంలో నూటికి తొంభైమంది పైగా ఓటేసి దాన్ని తీసేశారు. 1937లో కాన్‌బెరాలో అధికారులంతా కూర్చుని, తెల్లరక్తం కలిసినవాళ్ళ గతి తెల్లజనంలో కలిసిపోవడమేనని తీర్మానమే చేశారు.

ఆ తీర్మానాన్ని అమలు చేసింది పిల్లల మీద.

ఇక్కడ నా వార్డుకి వస్తాను. నేను చేరిన మొదటి నెలలో పేషెంట్ల జాబితా చూస్తుంటే ఎంతోమంది పెద్దవాళ్ళ పుట్టినరోజు జూలై 1. నాకు నవ్వొచ్చింది. మా నాన్నదీ జూలై 1, మా పెదనాన్నదీ జూలై 1, బళ్ళో వేసేటప్పుడు హెడ్మాస్టరు గారు పెట్టిన పుట్టినరోజు. ఇక్కడా అంతేననుకున్నాను. పక్క కుర్చీలో ఉన్న ఒక తాతకి ఆ మాట చెప్తే ఆయనా నవ్వి, "మీ నాన్నకి రాసినవాడు మీ నాన్నని ఇంటికి పంపేశాడా?" అన్నాడు. (పేషెంట్లవి కాబట్టి ఆనవాళ్ళు మార్చే రాస్తున్నాను.) ఆయన్ని నాలుగైదేళ్ళ వయసులో లారీ ఎక్కించి తీసుకెళ్ళారు. నాన్న తెల్లవాడు, అమ్మ నల్లమనిషి. క్రైస్తవ మిషనరీలు నడిపే వసతిలో (దాన్నీ మిషన్ అనే అంటారు) పెరిగాడు. అమ్మ పేరు కాగితం మీద తప్పు రాశారు. ముప్ఫై దాటాక వెతుక్కుంటూ వెళ్తే ఆమె పోయి రెండేళ్ళైందట. అమ్మ భాష ఆయనకి రాదు. చెల్లెలితో మాట్లాడాలంటే ఇంగ్లీషే.

ఇలా ఎందరు? 1997లో వచ్చిన ప్రభుత్వ విచారణ నివేదిక 1910 నుంచి 1970 మధ్య మూలవాసుల పిల్లల్లో పదిమందిలో ఒకరి నుంచి ముగ్గురిలో ఒకరి దాకా ఇలా పోయారని అంచనా వేసింది. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. ఆ రోజు ఏడవని కుటుంబం తమ వీధిలో లేదని నా సీనియర్ నర్సు చెప్పేది.

ఇదంతా చుట్టరికాల దగ్గర ఎలా తప్పిపోయిందో మనకి అర్థమైనంత తేలిగ్గా తెల్లవాళ్ళకి అర్థం కాదు. ఆస్పత్రి ఫారంలో "తల్లి" అన్న చోట ఒకామెకి మూడు పేర్లు చెప్పారు. జూనియర్ నర్సు అబద్ధమాడుతున్నారనుకుంది. అక్కడి జాతుల్లో ఒకటైన వాల్పిరీల భాషలో అమ్మనీ అమ్మ అక్కచెల్లెళ్ళనీ ఒకే మాటతో పిలుస్తారు. నాన్ననీ నాన్న అన్నదమ్ముల్నీ ఒకే మాటతో. మేనమామకి వేరే మాట, మేనత్తకి వేరే మాట. ఇంగ్లీషులో చెప్పాల్సి వస్తే "పెద్ద అమ్మ, చిన్న అమ్మ" అంటారు! నేను ఆ పిల్లకి చెప్పాను, మా ఇంట్లోనూ పెద్దమ్మ, చిన్నమ్మ ఉంటారు, అమ్మ ఊళ్ళో లేకపోతే అన్నం పెట్టేది వాళ్ళేనని. అదే పాతరోజుల్లో అధికారి కంటికి ఎలా కనిపించి ఉంటుంది? తల్లి లేదు, బిడ్డ "ఎవరి దగ్గరో" ఉంది, కాబట్టి దిక్కులేని బిడ్డ, ఎత్తుకుపోవచ్చు. మన అమ్మమ్మ ఇళ్ళకి సెలవుల్లో అలాంటి అధికారి వచ్చి ఉంటే మనలో సగంమందిని లారీ ఎక్కించేవాడు.

డయాలసిస్ కుర్చీలు వేయడం కూడా ఒక విద్యే అక్కడ. అత్తగారికీ అల్లుడికీ పక్కపక్క కుర్చీలు వేయకూడదు, ఎదురుబొదురు అసలే కూడదు. మా నాయనమ్మ అల్లుడొస్తే తలుపు చాటు నుంచే మాట్లాడేది కాబట్టి నాకిది ఒకసారి చెప్తే చాలింది. పోయినవాళ్ళ పేరు పలకకూడదు. అదే పేరున్న ఇంకో మనిషి ఉంటే ఆ మనిషినీ "కుమంజాయి" అనే పిలుస్తారు కొన్నాళ్ళు. ఆస్పత్రి కంప్యూటర్లో పేరు వేరే, పిలిచేది వేరే. జూలై 1 పుట్టినరోజులు, పశువుల స్టేషన్ (పశువుల్ని పెంచే పెద్ద ఫారం) యజమానుల నుంచి వచ్చిన ఒకే ఇంటిపేర్లు, దాని మీద కుమంజాయిలు. రక్తం ఎక్కించేముందు మేము చేతిపట్టీ నంబరు మూడుసార్లు చదివేవాళ్ళం.

ఇక మీరు అడిగిన "ఎందుకు తేరుకోలేదు" అన్నది ఒంట్లో ఎలా కనిపిస్తుందో చెప్తాను, ఇది నా పని కాబట్టి.

ఎడారిలో బతుకంతా నీటి గుంటల మీద. 1872లో టెలిగ్రాఫ్ తీగ వేశాక పశువుల స్టేషన్లు సరిగ్గా ఆ నీళ్ళ దగ్గరే పెట్టారు. పశువులు తొక్కి, తాగి గుంటలు ఎండిపోయాయి, వేటజంతువులు పోయాయి. జనం స్టేషన్ దగ్గరికి చేరారు. పనికి బదులు రేషన్: మైదాపిండి, పంచదార, టీ ఆకు. నేను ముందు చెప్పిన "మనిషి అడ్డం" అన్న మాటకి ఇక్కడ ఒక సవరణ కావాలి: ఉత్తరాన పశువుల్ని కాయడానికి వాళ్ళ చేతులు కావాలి, తెల్ల కూలీలు ఆ ఎండకి రారు. అందుకే కొన్ని దశాబ్దాలు వాళ్ళని వాళ్ళ నేల మీదే ఉండనిచ్చారు. 1966లో వేవ్ హిల్ దగ్గర గురింజీ జాతివాళ్ళు విన్సెంట్ లింగియారి నాయకత్వంలో పని మానేసి లేచి వెళ్ళిపోయారు. పేపర్లు కూలి సమ్మె అని రాశాయి, వాళ్ళు అడిగింది భూమి. తొమ్మిదేళ్ళు కూర్చున్నారు. 1975లో ప్రధాని విట్లమ్ వచ్చి లింగియారి చేతిలో పిడికెడు మట్టి పోశాడు. మరో పక్క, సమాన వేతనం ఇవ్వాలని ఉత్తర్వు వచ్చి 1968 చివర అమలయ్యేసరికి ఎన్నో స్టేషన్లు జీతం ఇవ్వలేమని కుటుంబాలకి కుటుంబాల్నే వెళ్ళగొట్టాయి. ఆ జనం వచ్చి పడింది ఆలిస్ స్ప్రింగ్స్ అంచున రేకుల గుడిసెల్లో.

ఒక్కో ఇంట్లో పది పదిహేనుమంది. నీళ్ళ పంపు సరిగా ఉండదు. పిల్లలకి గజ్జి, చర్మం మీద పుళ్ళు, ఆ పుళ్ళలోని క్రిమి వల్ల గుండె కవాటాలూ దెబ్బతింటాయి, కిడ్నీలూ దెబ్బతింటాయి. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకి కిడ్నీలో వడపోత గొట్టాలే తక్కువ. దాని మీద మూడు తరాల మైదా, పంచదార. నలభై దాటేసరికి షుగరు, బీపీ, ఆ తర్వాత నా కుర్చీ. ఇందులో "తాగుడు" ఎక్కడో ఒక మూల ఉంది, లేదనను. కానీ అసలు తాగని మనుషుల శాతం మిగతా జనంలో కంటే మూలవాసుల్లోనే ఎక్కువని చాలా సర్వేలు చెబుతాయి. తాగేవాళ్ళు రోడ్డు మీద కనిపిస్తారు, ఎందుకంటే తాగడానికి ఇల్లు లేదు. 2020-22 లెక్కల ప్రకారం మూలవాసి మగవాడి ఆయుర్దాయం 71.9 ఏళ్ళు, ఆడమనిషిది 75.6. మిగతావాళ్ళకంటే ఎనిమిది తొమ్మిదేళ్ళు తక్కువ.

నేను చేసిన ఒక తప్పు చెప్తాను. ఆలిస్‌కి పడమరగా అయిదొందల కిలోమీటర్ల పైన ఉన్న ఊరామె ఒకావిడ డయాలసిస్ కోసం ఇల్లు వదిలి మా ఊళ్ళో హాస్టల్లో ఉండేది. ఊళ్ళో అన్న పోతే చావు పనులకి వెళ్ళింది, వారం రాలేదు. విమానంలో తెచ్చారు, ఒంట్లో నీరు, ఊపిరాడట్లేదు. కోలుకున్నాక నేను గట్టిగా తిట్టాను, చార్టులో "చెప్పిన మాట వినదు" అని రాశాను. ఆవిడ మిషన్ వైపు వేలు చూపించి అంది: "ఇది నన్ను బతికిస్తుంది. అది (పడమరకి చూపించి) నేను ఎవరో చెప్తుంది. రెండూ ఒకచోట ఎందుకు పెట్టరు మీరు?" నాకు మా అమ్మమ్మ చావుకి వెళ్ళడానికి సెలవు దొరకని రోజు గుర్తొచ్చింది. ఆ చార్టులో రాసినది కొట్టేయడానికి వీల్లేదు, కింద ఇంకో వాక్యం చేర్చగలిగాను, అంతే.

ఆ "ఒకచోట ఎందుకు పెట్టరు" అన్నదానికి జవాబు వాళ్ళే కట్టుకున్నారు. 2000 నవంబరులో ఆ పడమటి ఎడారిలోని కింటోర్ ఊరు, ఆ చుట్టుపక్కల పింటుపీ జాతి చిత్రకారులు పెద్ద పెద్ద చుక్కల బొమ్మలు కలిసి వేసి సిడ్నీలో వేలం పెడితే పది లక్షల డాలర్ల పైనే వచ్చింది. ఆ డబ్బుతో సంస్థ పెట్టి 2004లో కింటోర్‌లోనే డయాలసిస్ మిషన్ పెట్టారు. ఇప్పుడు దాన్ని పర్పుల్ హౌస్ అంటారు, ఎన్నో మారుమూల ఊళ్ళకి విస్తరించింది, మిషన్లు బిగించిన లారీ ఒకటి తిప్పుతారు. మొదట ఆరోగ్యశాఖలు ఎడారిలో ఇది సాధ్యం కాదన్నాయి. తమ ఊళ్ళో, తమ మనుషుల మధ్య సూది గుచ్చించుకునే మనిషి డయాలసిస్ మానడు. ఇందులో వైద్యశాస్త్ర రహస్యం ఏమీ లేదు.

"ఊరికే డబ్బు" గురించి ఒక్క ముక్క. ఆల్బర్ట్ నమట్జిరా అని ఆలిస్ దగ్గర హెర్మన్స్‌బర్గ్ మిషన్‌లో పుట్టిన చిత్రకారుడు. ఆయన నీటిరంగుల బొమ్మలు దేశమంతా ఇళ్ళల్లో వేలాడేవి. డబ్బు సంపాదించాడు. ఊళ్ళో స్థలం కొనుక్కుని ఇల్లు కట్టుకోబోతే కుదరనివ్వలేదు, మూలవాసి కాబట్టి. 1957లో ఆయనకీ భార్యకీ పౌరహక్కులిచ్చారు, పెద్దపిల్లలకి ఇవ్వలేదు. పౌరుడు కాబట్టి మందు కొనొచ్చు, తన వాళ్ళతో పంచుకోకూడదు! ఉన్నది నలుగురితో పంచుకోవడమే ధర్మమైన ఇంట్లో. 1958లో ఆ నేరానికే శిక్ష పడింది. 1959లో పోయాడు. సంపాదించినా తేరుకోనివ్వని ఏర్పాటు ఎలా ఉంటుందో దీనికంటే బాగా నేను చెప్పలేను.

తుపాకుల గురించి పెద్దగా రాయలేదు, అది మర్చిపోయి కాదు. మీ రూమ్మేట్లు అదంతా పద్దెనిమిదో శతాబ్దం మాట అంటారు. ఆలిస్‌కి ఉత్తరపడమర కొనిస్టన్‌లో 1928లో, కరువులో నీటి గుంటల దగ్గర గొడవలై ఒక తెల్ల వేటగాడు చనిపోతే, పోలీసు కానిస్టేబుల్ గుర్రాల మీద దండుతో వారాల తరబడి తిరిగి జనాన్ని కాల్చాడు. సర్కారు లెక్క 31. కుటుంబాలవాళ్ళు దానికి రెట్టింపు పైనే అంటారు. విచారణ సంఘం అంతా ఆత్మరక్షణే అని తేల్చింది. 1928 అంటే మా నాయనమ్మ కాపురానికొచ్చిన రోజులు. మా వార్డులో ఒక ముసలాయన తండ్రి ఆ రోజు పొదలో దాక్కుని బతికాడు. ఆయనకి ఆస్పత్రి సెక్యూరిటీ గార్డు యూనిఫాం చూస్తే బీపీ పెరిగేది. మేము గార్డుని వేరే తలుపు దగ్గర నిలబెట్టేవాళ్ళం.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి. నేను రాసినదంతా ఎడారి అనుభవం. మూలవాసుల్లో ఎక్కువమంది మీలాగే నగరాల్లో, పట్టణాల్లో ఉంటారు. మీ క్లాసులో తెల్లగా కనిపించే అమ్మాయి మూలవాసి కావచ్చు. "నువ్వు ఎంత శాతం?" అని మాత్రం అడక్కండి, 1886 చట్టం అడిగిన ప్రశ్న అదే. వాళ్ళు ఒకే జాతి కూడా కాదు, తెల్లవాళ్ళు వచ్చేనాటికి 250కి పైగా భాషలు. అంతా పోయిందనీ అనుకోకండి. 1976 చట్టం వల్ల నార్తర్న్ టెరిటరీలో దాదాపు సగం భూమి మళ్ళీ మూలవాసుల ఉమ్మడి పేరు మీదికి వచ్చింది. దాన్ని ఎవరూ కొనలేరు, వాళ్ళూ అమ్మలేరు. మన ఏజెన్సీలో గిరిజనుల భూమి బయటివాళ్ళు కొనకూడదనే 1/70 చట్టం తెలిసినవాళ్ళకి దాని విలువా, దాన్ని తప్పించుకునే దారుల కోసం బయటివాళ్ళు ఎంత వెతుకుతారో కూడా తెలుసు. ఆ మాటకొస్తే మైదానం నుంచి ఏజెన్సీకి వెళ్ళి పొలాలు చేసినవాళ్ళలో మా బంధువులూ ఉన్నారు. ఈ పుస్తకంలో మన పేజీ ఏదో నాకు ఇంకా చదవబుద్ధి కాలేదు.

2023 అక్టోబరు 14న రాజ్యాంగంలో మూలవాసుల సలహా మండలికి చోటివ్వాలా అని రిఫరెండం పెడితే నూటికి అరవైమంది వద్దన్నారు. మన వాట్సాప్ గ్రూపుల్లో "మనకెందుకు" అన్నవాళ్ళే ఎక్కువ. నేను "కావాలి" అని ఓటేశాను. మనకెందుకంటే, 1901లో వలస చట్టంతో రంగుమనుషుల్ని గుమ్మంలోనే ఆపిన దేశమిది, 1973 దాకా ఆ విధానం పూర్తిగా పోలేదు. ఆ తలుపు తెరుచుకున్న తర్వాతే మనం లోపలికి వచ్చాం, వచ్చి అదే పట్టా మీద ఇల్లు కొనుక్కున్నాం.

ఇక మీ మూడో ప్రశ్న. చదవండి. రెండు రకాలున్నాయి, కలపకండి. "స్వాగతం" చెప్పగలిగేది ఆ నేల పెద్దలు మాత్రమే, అది టాండెరమ్ వారసత్వం. మీరు చదివేది "గుర్తింపు", అది ఎవరైనా చెప్పొచ్చు. మీ క్యాంపస్ ఏ జాతి నేల మీదుందో మీ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఉంటుంది, మెల్‌బోర్న్‌లో చాలా చోట్ల వురుంజెరీ లేదా బునురాంగ్. పేరు ముందే నాలుగుసార్లు పలికి చూసుకోండి. మన ఇంటిపేర్లని వాళ్ళు ఖూనీ చేస్తే మనకెంత చిరాకో తెలుసు కదా. సెలవు రోజు ఉంటే లిలీడేల్ దాకా ట్రైన్, అక్కడి నుంచి బస్సులో హీల్స్‌విల్ వెళ్ళండి. ఆ ఊరి బయట కొరాండర్క్ శ్మశానంలో బరాక్ సమాధి ఉంది, 1903లో పోయాడు. నేను మెల్‌బోర్న్ వచ్చినప్పుడల్లా వెళ్తాను. నీళ్ళ సీసా పట్టుకెళ్ళండి, దగ్గర్లో కొట్లేమీ ఉండవు.